నారింజ నుంచి నరాంహ దాకా: పరభాషా పదసంపద చరిత్ర

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాయవలసిందని సంపాదకవర్గంవారు ఆదేశించారు. పాఠశాల చరిత్రను వ్రాయడానికి నాకంటె పెద్దలు, ఈ ఆవరణలో నాకంటె ఎక్కువ కాలం గడిపినవారు ఉన్నారు. అందుచేత నేను ఒక పరభాషను గురించి, దాని పదాలను వేరువేరు కాలాలలో వేరువేరు జనులు ఎలా కూడబెట్టుకొన్నారన్న విషయాన్ని గురించి వ్రాయదలచాను. ఆ భాష స్పానిషు. మహారాష్ట్రలోని ఈ మగ్గాల ఊరిలో, ఇంట తెలుగు, వీధిలో మరాఠీ వింటూ పెరిగిన మనకు స్పానిషుతో ఏమి పని అని పాఠకులు అనుకోవచ్చు. పని ఉన్నదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దీనికి ఒక కారణం ఉన్నది. ఆ మధ్య జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక తల్లి లేచి, “తెలుగులో చదివిన పిల్లవాడికి రేపు పై భాషలు ఎలా వస్తాయండీ?” అని అడిగింది. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు, భయం ఉన్నది. వేదికమీద ఉన్న మేము మాతృభాష గొప్పతనాన్ని గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాము. సభ చప్పట్లు కొట్టింది గాని ఆమెకు సమాధానం దొరకలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకొంటున్నాను.

పట్టికల చదువు

నేను చరిత్రోపాధ్యాయుడిగా ఉన్న రోజులలో, నలభై ఏళ్ళు దాటిన తరువాత, మెక్సికో దేశ చరిత్రను మూలగ్రంథాలలో చదువుకోవాలన్న కోరికతో స్పానిషు మొదలుపెట్టాను. అందరూ చేసే పనే నేనూ చేశాను. ఒక నోటుపుస్తకం కొని, ఎడమపక్క స్పానిషు మాట, కుడిపక్క ఇంగ్లీషు అర్థం వ్రాసుకొని, రోజుకు ముప్పై మాటల చొప్పున వల్లెవేశాను. నెల తిరిగేసరికి పుస్తకంలో తొమ్మిది వందల మాటలు చేరాయి. తలలో వంద కూడా నిలువలేదు. వయసు మీరినందువల్ల జ్ఞాపకశక్తి తగ్గిందని సరిపెట్టుకొన్నాను.

అప్పుడు ఈ బడిలో మాకు తెలుగు చెప్పిన పంతులుగారి మాట జ్ఞాపకం వచ్చింది. పాఠంలో కొత్త పదం రాగానే ఆయన పుస్తకం మూసేవారు. “కొత్త మాట ఇంటికి వచ్చిన కొత్త మనిషివంటిదిరా. నీ చుట్టాలెవరు, నీ ఊరేది, ఏ పనిమీద వచ్చావు అని అడగకుండా పంపించివేస్తే, రేపు సంతలో ఎదురైనా గుర్తుపట్టలేవు” అనేవారు. ఆ మూడు ప్రశ్నలనూ స్పానిషు పదాలకు వేసి చూశాను. నాకు దొరికిన జవాబులే ఈ చరిత్ర.

చుట్టాలెవరు?

స్పానిషు లాటిను భాషకు సంతానం. రోమనుల వెంట ఐబీరియా ద్వీపకల్పానికి వచ్చిన లాటిను జనుల నోట శతాబ్దాలపాటు నలిగి కాస్టీలు ప్రాంతపు వాడుకభాషగా మారింది. నలిగిన తీరులో ఒక క్రమం ఉన్నది. లాటినులో ‘క్త’ ఉన్నచోట స్పానిషులో ‘చ’ వచ్చింది. రాత్రికి లాటిను ప్రాతిపదిక ‘నొక్త్’, స్పానిషులో ‘నోచె’. ఎనిమిదికి ‘ఒక్తో’, స్పానిషులో ‘ఓచో’. పాలకు ‘లక్త్’, స్పానిషులో ‘లేచె’. ఆ తరువాత పండితులు గ్రంథాలు వ్రాస్తూ అవే లాటిను మాటలను నలగని రూపంలో మళ్ళీ తెచ్చుకొన్నారు. అందువల్ల రాత్రి ‘నోచె’ అయినా, రాత్రికి సంబంధించినది ‘నొక్తూర్నో’. ఎనిమిది ‘ఓచో’ అయినా, ఎనిమిదవది ‘ఒక్తావో’. పాలు ‘లేచె’ అయినా, పాలకు సంబంధించినది ‘లాక్తెయో’.

ఇంగ్లీషు పుస్తకంలో ఇవన్నీ విడివిడి మాటలుగా, విడివిడిగా కంఠస్థం చేయవలసినవిగా కనబడతాయి. తెలుగు బడిలో చదివినవాడికి ఇది పాత పాఠమే. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణంలో తెలుగు పదాలను తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని విభజించి చూపాడు. భక్తి తత్సమం, బత్తి తద్భవం. ఆకాశము తత్సమం, ఆకసము తద్భవం. అలాగే ‘నొక్తూర్నో’ తత్సమం, ‘నోచె’ తద్భవం. ఈ ఒక్క ఊహతో నా నోటుపుస్తకంలోని మాటలు జంటలు జంటలుగా కలిసిపోయాయి. తొమ్మిది వందల మంది అపరిచితులు కొన్ని కుటుంబాలుగా మారిపోయారు.

ఇంకొక దూరపు చుట్టరికం కూడా ఉన్నది. తెలుగు ద్రావిడభాష. దక్షిణదేశ భాషలకు సంస్కృతంతో సంబంధం లేని వేరే మూలం ఉన్నదని మద్రాసులో ఉద్యోగం చేసిన ఎల్లిస్ దొర 1816లోనే నిరూపించాడు. అయితే తెలుగు తనలో చేర్చుకొన్న సంస్కృత పదాలకు లాటినుతో రక్తసంబంధం ఉన్నది. కార్తికమాసంలో పగలంతా ఉపవాసముండి రాత్రి మాత్రమే భుజించే వ్రతాన్ని మన ఇళ్ళలో ‘నక్తం’ అంటారు. ఆ నక్తమూ, లాటిను ‘నొక్త్’, స్పానిషు ‘నోచె’ ఒకే తెగవారు. మన దంతము అక్కడ ‘ద్యేంతె’, సప్తము ‘స్యేతె’, నవము ‘న్వేవె’, దశ ‘ద్యేస్’. మా నాయనమ్మకు స్పానిషు అనే భాష ఉన్నదని తెలియదు. కాని ఆమె పాటించిన వ్రతం పేరు నాకు ఒక స్పానిషు మాటను శాశ్వతంగా నేర్పింది.

ఊరేది?

క్రీ.శ. 711లో ముస్లిం సేనలు జిబ్రాల్టరు జలసంధిని దాటాయి. 1492లో గ్రనాడా పట్టుబడేవరకు, దాదాపు ఎనిమిది శతాబ్దాలు, ద్వీపకల్పంలో ఎంతో కొంత భాగం వారి ఏలుబడిలో ఉన్నది. అరబ్బులు కొత్త పంటలను, నీటిపారుదల పద్ధతులను, పరిపాలనా పదాలను తెచ్చారు. ఆ పదాలు ‘అల్’ అనే అరబ్బీ ఉపపదంతో సహా స్పానిషులో స్థిరపడ్డాయి. ప్రత్తి ‘అల్గొదోన్’, తలగడ ‘అల్మొఆదా’, నూనె ‘అసేయితె’. స్పానిషులో ‘అ’ లేక ‘అల్’తో మొదలయ్యే మాటలు అనేకం ఇట్టి వలసవారే. ఈ సూత్రం తెలిస్తే ఆ గుంపు ఒక్కసారిగా పట్టుబడుతుంది.

వీటిలో కొన్ని అరబ్బు దేశంలో పుట్టినవి కావు. చక్కెరను స్పానిషులో ‘అసూకర్’ అంటారు. అది అరబ్బీ ‘సుక్కర్’. దానికి మూలం పారశీకం గుండా వెళ్ళిన మన ‘శర్కర’. చదరంగం ‘అహెద్రేస్’. అది ‘చతురంగ’ శబ్దమే, వేషం మారింది. నీలిమందు ‘అఞీల్’. అందులో దాగినది ‘నీల’. ఇక నారింజ. సంస్కృతంలో ‘నారంగ’ అన్నారు. ఆ మాటకు కూడా మూలం ద్రావిడమేనని పలువురు పండితుల అభిప్రాయం. అది పారశీకానికి, అరబ్బీకి వెళ్ళి, తోటలతోపాటు స్పెయినుకు చేరింది. స్పానిషువారు వ్రాసే వ్రాతలో మన ‘జ’కు సమానమైన అక్షరమే ఉన్నది, పలకడం మాత్రం హకారంవలె పలుకుతారు, ‘నరాంహ’ అని. నేను ఆ మాటను వల్లెవేయవలసిన అవసరం రాలేదు. మన ఊరి బజారులో బుట్టలోనుంచి తీసుకొన్నట్లు తీసుకొన్నాను.

ఇది ఒక దారి. రెండవ దారి పడమటినుంచి వచ్చింది. 1492 తరువాత అమెరికా ఖండాల పదార్థాలు, వాటి పేర్లు స్పానిషులో చేరాయి. మెక్సికోవాసుల నహువాతల్ భాషలోని ‘తొమతల్’ స్పానిషులో ‘తొమాతె’ అయి, లోకమంతా తిరిగి మనకు టమాటా అయింది. మన తాతలు దానిని రామములగ అన్నారు. ఉత్తరాంధ్రలో ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. కరిబియన్ ద్వీపాల ‘బతాతా’ మన వీధిలోని మరాఠీ బటాటా. ‘పపాయా’ మన బొప్పాయి. మనం సీమచింత అనే చెట్టు స్వస్థలం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. అక్కడ దాని పేరు ‘గ్వమూచిల్’.

మూడవ దారి మన కోస్తా రేవులది. స్పానిషుకు తోబుట్టువైన పోర్చుగీసు 1498 నుంచి భారతదేశపు తీరాన వినబడింది. మన మేస్త్రి పోర్చుగీసు ‘మెస్త్రె’, స్పానిషులో ‘మయెస్త్రో’. అలమార స్పానిషులో ‘అర్మారియో’. పాదిరి ‘పాద్రె’. బాల్చీ ‘బాల్దె’. తువ్వాలు ‘తొఆయా’. మరాఠీవారు పావు అనే రొట్టె ‘పాన్’. వారు తాళపుచెవిని చావీ అంటారు, అది పోర్చుగీసు ‘షావె’, స్పానిషులో ‘యావె’. పోర్చుగీసులో వాన ‘షూవ’, స్పానిషులో ‘యూవియా’. ఈ రెండు జంటలను పక్కపక్కన పెడితే పోర్చుగీసు ‘ష’కు స్పానిషు ‘య’ ఎదురుగా నిలుస్తుంది. వీధిలో నేర్చిన చావీ ఆ విధంగా మరొక తలుపు తెరిచింది.

ఏ పనిమీద వచ్చావు?

పదాల పనిని తెలుసుకోవడానికి మెక్సికో చరిత్రకంటె మంచి బడి లేదు. 1519లో స్పానిషు సైనికులు అక్కడ దిగారు. 1521లో అజ్టెక్ రాజధాని కూలిపోయింది. యుద్ధంవల్ల, అంటువ్యాధులవల్ల జరిగిన జననష్టం చెప్పరానిది. మతప్రచారానికి వచ్చిన ఫ్రాన్సిస్కను సన్న్యాసులకు ఆ జనుల భాష రాదు, జనులకు స్పానిషు రాదు. నిఘంటువు లేదు, దుబాసీలు చాలరు.

ఆ సన్న్యాసులు ఏమి చేశారో అదే సంఘానికి చెందిన మెందియెతా 16వ శతాబ్ది చివర వ్రాసిన చరిత్రలో చెప్పాడు. వారు తమ పెద్దరికాన్ని పక్కనపెట్టి, నహువా పిల్లలతో గులకరాళ్ళు, గడ్డిపరకలతో ఆటలాడేవారట. చేతిలో కాగితం, సిరా ఉంచుకొని, పిల్లవాడు ఒక మాట అనగానే ఆ మాటనూ, ఏ సందర్భంలో అన్నాడో దానినీ వ్రాసుకొనేవారట. సాయంకాలం అందరూ ఒకచోట చేరి కాగితాలు పోల్చిచూసుకొనేవారట. ఈ రోజు సరి అనుకొన్నది మరునాడు తప్పని తేలేదట. మాటతోపాటు సందర్భాన్ని వ్రాసుకోవడం, నలుగురితో సరిచూసుకోవడం, తప్పును దిద్దుకోవడం: నా నోటుపుస్తకంలో లేనివి ఈ మూడే.

ఆ సన్న్యాసులకు సహాయపడినవాడు ఒక చిన్న పిల్లవాడు. స్పెయినులో పుట్టి బాల్యంలోనే మెక్సికో చేరి, నహువా పిల్లలతో ఆడుకొంటూ వారి భాష నేర్చిన అలోన్సో దె మొలీనా. అతడు పెద్దవాడై, తానూ సన్న్యసించి, 1555లో స్పానిషు–నహువాతల్ నిఘంటువును మెక్సికో నగరంలో అచ్చువేయించాడు. అమెరికా ఖండాలలో అచ్చయిన మొదటి నిఘంటువు అదే. 1571లో రెండు వైపులా అర్థాలు చూపే పెద్ద కూర్పు వెలువడింది. నెబ్రిహా అనే స్పానిషు పండితుడు 1490ల నాటి తన నిఘంటువులో కూర్చిన పదపట్టిక దానికి ఒరవడి. అయినా ఇది తనకు తల్లిపాలతో వచ్చిన భాష కాదని మొలీనా పీఠికలో వినయంగా చెప్పుకొన్నాడు. ఆట ముందు, పట్టిక తరువాత అన్నది అతని జీవితం చెప్పే పాఠం.

మరి నహువా జనులు స్పానిషు పదాలను ఎలా గ్రహించారు? జేమ్స్ లాక్‌హార్ట్ అనే చరిత్రకారుడు వారు తమ భాషలో వ్రాసుకొన్న వీలునామాలు, భూమి పత్రాలు, కచేరీ కాగితాలు పరిశీలించి, 1992లో ప్రకటించిన గ్రంథంలో మూడు దశలను చూపాడు. మొదటి దశ సుమారు ఒక తరంపాటు సాగింది. అప్పుడు పరాయి మాటను తీసుకోలేదు, తమ మాటతోనే కొత్త వస్తువును పిలిచారు. గుర్రాన్ని లేడి అన్నారు. గొర్రెను ప్రత్తి అన్నారు. తుపాకిని నిప్పుబూర అన్నారు. గోధుమరొట్టె వారికి ‘కాస్టీలు రొట్టె’.

చదువుతూ నాలో నేను నవ్వుకొన్నాను. మనమూ రైలును పొగబండి అన్నాము. బంగాళాదుంప, సీమచింత, సీమసున్నం – ఇవన్నీ ఆ పద్ధతివే. వారి ‘కాస్టీలు’ మన ‘సీమ’. మిరియంనుంచి మిరప పుట్టించుకొన్నాము. స్పానిషువారు కూడా మిరియాన్ని ‘పిమ్యేంతా’ అని, అమెరికాలో చూసిన మిరప జాతికి దానినుంచే ‘పిమ్యేంతో’ అని పేరు పెట్టారు. సముద్రాల అవతల ఉన్న ఇద్దరికీ ఒకే ఊహ తట్టింది.

రెండవ దశ సుమారు 1540ల నుంచి ఒక శతాబ్దం. అప్పుడు స్పానిషు నామవాచకాలు వెల్లువగా వచ్చాయి, నహువాతల్ ఉచ్చారణకు లొంగి వచ్చాయి. చొక్కా అనే ‘కమీసా’ వారి విభక్తి ప్రత్యయం తగిలించుకొని ‘కమిషతలి’ అయింది. మనం బస్సు, కారు, రైలు అని చివర ఉకారం చేర్చుకొన్నట్లే. మూడవ దశ 17వ శతాబ్ది మధ్యనుంచి మొదలయింది. ఇరుభాషలూ తెలిసినవారు పెరిగిన కాలమది. అప్పుడు క్రియలు వచ్చాయి. స్పానిషు క్రియకు ‘ఓఆ’ అనే తమ ప్రత్యయం చేర్చి తమ క్రియగా చేసుకొన్నారు. సంస్కృత ధాతువులకు ‘ఇంచు’ చేర్చి మనం భావించు, రక్షించు అన్నట్లు. ‘వరకు’, ‘కొరకు’ అనే అర్థాలనిచ్చే ‘ఆస్తా’, ‘పారా’ వంటి చిన్నమాటలు వచ్చాయి. చివరకు బంధుత్వ పదాలు కూడా కొన్ని మారాయి. మన బాబాయిలూ మామయ్యలూ ‘అంకుల్’ అయిన ఈ రోజులలో దాని అర్థం మనకు వివరించి చెప్పనక్కరలేదు.

విద్యార్థికి ఇక్కడ ఒక మెళకువ ఉన్నది. ఒక జాతి ఒకటిన్నర శతాబ్దంలో నడిచిన దారిని భాష నేర్చే ప్రతి వ్యక్తీ నడుస్తాడు. మాట తెలియనప్పుడు తెలిసిన మాటలతో వర్ణించి చెప్పడం మొదటి మెట్టు, దానికి సిగ్గుపడరాదు. వస్తువుల పేర్లు పోగుచేయడం రెండవ మెట్టు. చాలామంది అక్కడే ఆగిపోతారు. నేనూ ఆగిపోయాను. కుర్చీ, బల్ల, కిటికీ అన్నీ తెలుసు, వాక్యం మాత్రం రాదు. క్రియలనూ, ‘కాని’, ‘కాబట్టి’, ‘అయినా’ వంటి అతికే మాటలనూ పట్టుకొన్ననాడే భాష కదులుతుంది.

మోసగించే పోలికలు

పోలికలను నమ్ముకొన్నవాడు అప్పుడప్పుడు బోర్లాపడతాడు. స్పానిషులో ‘లార్గో’ అంటే ఇంగ్లీషు మాటనుబట్టి పెద్దది అనుకొంటాము, దాని అర్థం పొడవైనది. ‘ఎక్సితో’ బయటికి దారి కాదు, విజయం. ‘రోపా’ తాడు కాదు, బట్టలు. ‘ఎంబరసాదా’ అంటే సిగ్గుపడిన స్త్రీ అని తరగతిలో చెప్పి నేను నవ్వులపాలయ్యాను; గర్భవతి అని దాని అర్థం. అయితే సరిహద్దు భాషల మధ్య పెరిగిన మన పిల్లలకు ఈ జాగ్రత్త ఉగ్గుపాలతో వస్తుంది. కన్నడిగుడు ఊట అంటే భోజనమని, మనకు అది నీటి ఊట అని వారికి తెలుసు. మన ఉపన్యాసం హిందీలో నవల అవుతుందని తెలుసు. ఒకే శబ్దం రెండు ఇళ్ళలో రెండు పనులు చేస్తుందని తెలిసినవాడు మూడవ ఇంట కూడా కనిపెట్టుకొని ఉంటాడు.

ఆ తల్లికి సమాధానం

అమ్మా, మీ ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు ఇది. తెలుగులో చదివినంత మాత్రాన పై భాషలు వాటంతట అవే రావు. శ్రమ చేయాలి, వినాలి, మాట్లాడాలి, తప్పులు దిద్దుకోవాలి. ఇంగ్లీషును కూడా శ్రద్ధగా నేర్పాలి. ఆ విషయంలో మన బడులు చేయవలసింది ఇంకా ఉన్నది. కాని కొత్త మాటను తగిలించుకోవడానికి గోడకు మేకులు ఉండాలి. ఆ మేకులు పిల్లవాడికి బాగా తెలిసిన భాషలోని మాటలే. తత్సమ తద్భవాలు తెలిసినవాడికి ‘నోచె’, ‘నొక్తూర్నో’ల మధ్య ఉన్న సంబంధాన్ని ఒక్క నిమిషంలో చెప్పవచ్చు. ఏ భాషా లోతుగా రానివాడికి ప్రతి మాటా ఒంటరి మాటే. మేకులు లేని గోడకు ఎన్ని పటాలు తెచ్చినా నేలమీదే ఉంటాయి.

ఈనాడు ఇరవై దేశాలలో స్పానిషు అధికార భాష. మన పిల్లలలో ఎవరైనా రేపు ఆ దేశాలలో ఒకదానికి వెళ్ళవచ్చు. మొదటి ఉదయం అక్కడి అంగడిలో ఒక పండు చూపి పేరడిగితే, అంగడివాడు ‘నరాంహ’ అంటాడు. ఈ బడిలో తెలుగు చదువుకొన్న బిడ్డ అయితే ఆ మాటను గుర్తుపడుతుంది. మన వైపునుంచే బయలుదేరి, ఎన్నో దేశాలు తిరిగి, తనకంటె ముందే అక్కడికి చేరిన పాత చుట్టం అది.

డెబ్బది అయిదేళ్ళుగా మాట మాటకూ చుట్టాలను చూపించిన పంతుళ్ళకు, పంతులమ్మలకు నమస్కరిస్తూ, ఆ పరిచయాలు చేసే పని ఈ బడిలో ఇంకా చాలాకాలం సాగాలని కోరుకొంటున్నాను.